బిల్డింగ్ ఓనర్ల సంఘం సభ్యత్వం: చిన్న ఓనరుకి ఏం దక్కుతుంది?

అమెరికాలో ఆఫీసు బిల్డింగో, షాపుల కాంప్లెక్సో కొన్న మనవాళ్లు ప్రభుత్వాల దగ్గర ఓనర్ల తరఫున మాట్లాడే ఓనర్ల సంఘంలో చేరాలా వద్దా అని అడుగుతుంటారు. నాకున్నది రెండంతస్తుల బిల్డింగ్ ఒక్కటే. కింద డెంటల్ క్లినిక్, పైన చిన్న చిన్న ఆఫీసులు. కొన్నేళ్లుగా మా ఊరి సంఘంలో సభ్యుణ్ణి. కమిటీలో కూర్చునే ఓపిక ఉంటే తప్పకుండా చేరండి. ఊరికే చందా కట్టి వదిలేసేటట్టయితే వద్దు.

ఎందుకంటే వాషింగ్టన్‌లో ఈ సంఘాలు సాధించేది అందరికీ దక్కుతుంది. 2017 పన్ను చట్టమే తీసుకోండి. బిల్డింగ్ లోపల చేసే మార్పులకి 15 ఏళ్ల డిప్రీసియేషన్ (అంటే ఖర్చుని అన్నేళ్లకి పంచి పన్ను లెక్కలో తగ్గించుకోవడం) ఇవ్వాలనుకున్నారు గానీ, చట్టం రాసేటప్పుడు ఆ మాటే జారిపోయింది. 2018లో డెంటిస్టు కోసం నేను పెట్టిన పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్, లైట్ల ఖర్చంతా 39 ఏళ్ల లెక్కలోకి పోయింది. మొదటి ఏడాదే మొత్తం ఖర్చుగా రాసుకునే అవకాశమూ పోయింది. ఆయన లీజు పదేళ్లే! రియల్ ఎస్టేట్, రిటైల్, రెస్టారెంట్ సంఘాలన్నీ కాంగ్రెస్ వెంటపడ్డాయి. చివరికి 2020 మార్చిలో కోవిడ్ సాయం కోసం తెచ్చిన కేర్స్ చట్టంలో దాన్ని సరిచేసి, 2018 నుంచే వర్తింపజేశారు. నాకెంత మేలు జరిగిందో, చందా కట్టని పక్క బిల్డింగ్ ఓనరుకీ అంతే జరిగింది.

నా చందాకి అసలు విలువ కనిపించింది సిటీ హాల్లో. బిల్డింగులు ఏటా కరెంటు వాడకం లెక్క ఇవ్వాలని మా సిటీ ఒక ఆర్డినెన్స్ (సిటీ చేసే చట్టం) ముసాయిదా తెచ్చింది. సంఘంలో ప్రభుత్వ వ్యవహారాలు చూసే ఆవిడ ఫోన్ చేసి, "మీ బిల్డింగ్‌లో మీటర్లు ఎవరి పేరు మీద ఉన్నాయి?" అని అడిగారు. అన్నీ అద్దెకున్నవాళ్ల పేర్ల మీదే. వాళ్ల బిల్లులు నేనెలా తెచ్చివ్వాలి? ఇవ్వకపోతే జరిమానా నాకు. జనం మాట వినడానికి సిటీ పెట్టిన హియరింగ్‌లో మైకు ముందు ఒక్కొక్కరికి మూడేసి నిమిషాలు. నా మీటర్ గది ఫొటో చూపించి ఇదే మాట చెప్పమన్నారు ఆవిడ, చెప్పాను. తర్వాతి ముసాయిదాలో బిల్డింగ్ మొత్తం వాడకాన్ని కరెంటు కంపెనీయే కలిపి ఇవ్వాలన్న క్లాజు వచ్చింది. లెక్క ఇవ్వాలన్న రూలు మాత్రం అలాగే ఉంది. ఉండాలి కూడా, అది మంచి రూలే.

నచ్చనివీ ఉన్నాయి. చందా చదరపు అడుగుల లెక్కన వసూలు చేస్తారు కాబట్టి పెద్ద టవర్ల వాళ్ల మాటకే బరువెక్కువ. ఆస్తి పన్ను అప్పీళ్ల గడువు గురించి నేను రాసిన మెయిల్‌కి జవాబు రావడానికి వారాలు పట్టింది. బులెటిన్‌లో ఓనర్ల వైపు వాదన తప్ప మరొకటి ఉండదు. అందుకే సిటీ స్టాఫ్ రిపోర్టు కూడా పక్కన పెట్టుకుని చదువుతాను. నా అద్దెదారుల ఇబ్బంది తెలియకుండా హియరింగ్‌కి వెళ్లడం నాకు ఇష్టం ఉండదు.

చేరేవాళ్లు ఇన్‌వాయిస్ కింద చిన్న అక్షరాలు చూడండి. చందాలో లాబీయింగ్‌కి, అంటే చట్టాలు చేసేవాళ్లని ఒప్పించే పనికి, పోయే శాతం అక్కడ ఉంటుంది. ఆ భాగం పన్నులో ఖర్చుగా చూపించుకోకూడదు. ఎన్నికల అభ్యర్థులకి డబ్బిచ్చే పొలిటికల్ యాక్షన్ కమిటీకి విరాళం అడిగితే అది వేరే, ఇవ్వక్కర్లేదు. 1995 నాటి లాబీయింగ్ చట్టం ప్రకారం జాతీయ సంఘాలు మూడు నెలలకోసారి రిపోర్టు దాఖలు చేస్తాయి. ఏ బిల్లుల మీద పనిచేస్తున్నారో అందులో ఎవరైనా చూసుకోవచ్చు.

ఈసారి రెన్యూ చేస్తూ కమిటీని ఒకటే అడిగాను. టెర్రరిజం ఇన్సూరెన్స్‌కి ప్రభుత్వం దన్నుగా నిలిచే చట్టం 2002లో వచ్చింది. 2019లో పొడిగించినప్పుడు 2027 చివరి వరకే గడువు పెట్టారు. నా బ్యాంకు లోన్ కాగితాల్లో ఆ కవరేజీ తప్పనిసరి. అది ఆగితే చిన్న బిల్డింగులకి పాలసీ ఎవరిస్తారన్నది ఎజెండాలో మొదటి అంశంగా పెట్టమన్నాను.