లెవెన్స్ హాల్: మూడు వందల ఏళ్లుగా కత్తెర ఆగని తోట

సెప్టెంబర్ చివర్లో అమ్మను తీసుకుని మాంచెస్టర్ నుంచి లెవెన్స్ హాల్ అనే పాత భవంతి తోటకి వెళ్లాను. ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో, కెండల్ ఊరికి దగ్గర. అటు వెళ్లేవాళ్లంతా విండర్‌మియర్ సరస్సుకే పరిగెడతారు. చేతిలో ఒక్క రోజే ఉంటే నేను మాత్రం ఈ తోటకే వెళ్లమంటాను.

ఇక్కడి చెట్లన్నీ రకరకాల ఆకారాలుగా కత్తిరించినవే. ఇలా కత్తిరించడం రోమన్ల నాటి విద్య. రోమ్ చక్రవర్తి అగస్టస్ స్నేహితుడు మాటియస్ దీన్ని మొదలుపెట్టాడని ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ దగ్గర పనిచేసిన ఫ్రెంచ్ తోటమాలి గియోమ్ బోమాన్ 1694లో ఈ తోట పని మొదలుపెట్టాడు. గొడుగులు, చదరంగం పావులు, జడ్జిగారి విగ్గు... ఇలా వందకు పైగా ఆకారాలున్నాయి. 18వ శతాబ్దంలో సహజంగా కనిపించే తోటల మోజు వచ్చి, ఇంగ్లండ్‌లో ఇలాంటివి చాలావరకు పీకేశారు. ఇది మిగిలింది.

సూదుల్లాంటి ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉండే యూ అనే జాతి చెట్టు, ఒక పెద్దదాని దగ్గర అమ్మ ఆగిపోయింది. బయటికి పచ్చటి గోడలా ఉంది, వేలు దూరేంత సందు లేదు. వంగి కిందనుంచి చూస్తే లోపల ఆకన్నదే లేదు. ఆ చీకట్లో తొడంత లావు కొమ్మలు మెలికలు తిరిగి ఉన్నాయి.

"పచ్చదనమంతా పైపైనేరా, లోపలంతా ముసలి ప్రాణం" అంది అమ్మ.

నిజమే. ఏటా కొత్త చిగురును కత్తిరించినా రవ్వంత మిగిలిపోతుంది. అలా ఉబ్బి ఉబ్బి ఆకారాలు ఒక పక్కకి ఒరిగాయి. నాకు ఆ ఒరుగే ముద్దొచ్చింది. శరదృతువులో మొదలైన కత్తిరింపు నెలల తరబడి సాగుతుంది. అంచులకు పెంచే బాక్స్ అనే చిన్నాకుల పొద మొక్కలకు తెగులు సోకడంతో చాలాచోట్ల వాటి బదులు అలాంటిదే జపనీస్ హాలీ అనే మొక్క నాటారు.

కెండల్‌లో మేం దిగిన బస మాత్రం బాధపెట్టింది. అమ్మకి మోకాళ్ల నొప్పులని కింది గది బుక్ చేస్తే, మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి గట్టిగా అడగండి.

కెండల్ పక్కనే ఉన్న ఆక్సెన్‌హోమ్ స్టేషన్ దాకా రైలు, కెండల్ నుంచి 555 బస్సు, తోట గేటు దగ్గరే దిగొచ్చు. మేం వెళ్లినప్పుడు శుక్ర, శనివారాలు సెలవు. పులిహోర కట్టుకెళ్లాం. తిన్నాక అమ్మ మళ్లీ ఆ చెట్టు దగ్గరికే నడిచింది.