పురాతన శిలల వయసు తేల్చడానికి ఏ పద్ధతి మేలు?

ఖండాల అడుగున ఉన్న భూపటలం ఎంత పాతది అన్న ప్రశ్నకు వచ్చే జవాబు, దానికి ఎంచుకున్న పద్ధతిని బట్టి కొంత మారుతుంది. ఒక్కో పద్ధతి శిల చరిత్రలో ఒక్కో సంఘటనకు తేదీ వేయడమే ఇందుకు కారణం. శిలాద్రవం గడ్డకట్టిన కాలం వేరు, ఆ ద్రవ్యం మొదట మాంటిల్ (భూపటలం కింద ఉండే మందమైన శిలా పొర) నుంచి విడివడిన కాలం వేరు, ఆ తరువాత ఎప్పుడో భూగర్భంలో మళ్లీ వేడెక్కి చల్లారిన కాలం వేరు. సముద్రాల అడుగున ఉన్న పటలం దాదాపు అంతా 20 కోట్ల సంవత్సరాలు నిండకముందే తిరిగి మాంటిల్‌లోకి దిగిపోతుంది కాబట్టి భూమి తొలి దశకు సాక్ష్యాన్ని ఖండాల్లోనే వెతకాలి. అక్కడి అతి పాత శిలలేమో ఒకటికి రెండుసార్లు కాలి, నలిగి, రూపాంతరం చెందినవి. అందువల్ల దేని తేదీ కావాలో ముందు నిర్ణయించుకోకుండా పద్ధతిని ఎంచుకోవడం అనర్థానికి దారి తీస్తుంది.

పొటాషియం–ఆర్గాన్ పద్ధతిని ఈ పనికి మొదటే పక్కన పెట్టవచ్చు. పొటాషియం–40 రేడియోధార్మిక క్షయం (ఒక మూలకం తనంత తానే మరో మూలకంగా మారడం) వల్ల పుట్టే ఆర్గాన్ వాయువు, బయోటైట్ వంటి ఖనిజాల్లో సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికే తప్పించుకుపోతుంది. ఆ పద్ధతి చెప్పేది శిల చివరిసారి చల్లారిన కాలాన్ని. పర్వతాలు పైకి లేచిన తీరును అధ్యయనం చేసేవారికి అది విలువైన సమాచారమే గాని, మూడు వందల కోట్ల ఏళ్ల నాటి పటలం పుట్టుకను అడిగితే చెప్పలేదు.

రుబీడియం–87 క్షయమై స్ట్రాన్షియం–87గా మారడం మీద ఆధారపడిన రుబీడియం–స్ట్రాన్షియం పద్ధతిని ఇంత తేలికగా కొట్టివేయకూడదు. పశ్చిమ గ్రీన్‌లాండ్ నైస్ శిలల (వేడికీ ఒత్తిడికీ రూపాంతరం చెంది చారలు కట్టిన శిలల) వయసు 360 కోట్ల సంవత్సరాలు దాటుతుందని 1970ల ఆరంభంలో స్టీఫెన్ మూర్‌బాత్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో నిరూపించినప్పుడు, మొత్తం శిలను పొడి చేసి చేసిన సీసపు, స్ట్రాన్షియం ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణు రకాల) కొలతలే దానికి ఆధారం. ఒకే మూలం నుంచి వచ్చిన అనేక నమూనాలను కొలిచి గ్రాఫు మీద బిందువులుగా గుర్తిస్తే, అవి ఒక సరళరేఖ మీద కుదురుతాయి. ఆ రేఖ వాలు వయసును ఇస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, రుబీడియం, స్ట్రాన్షియం రెండూ వేడి నీటి ద్రవాల్లో సులభంగా కదులుతాయి. శిల రూపాంతరం చెందినప్పుడు బిందువులు చెదిరిపోవచ్చు, లేదా మరింత ప్రమాదకరంగా, తప్పుడు వయసును చూపే కొత్త రేఖ మీద చక్కగా కుదురుకోవచ్చు. పైగా రుబీడియం–87 ఎంత వేగంగా క్షయమవుతుందో చెప్పే సంఖ్య, అంటే దాని క్షయ స్థిరాంకమే ఇటీవలి కాలంలో సవరణకు గురైంది. 1977 నుంచి వాడుకలో ఉన్న విలువను 2015లో సుమారు 1.6 శాతం తగ్గించారు. దానితో పాత లెక్కలో 300 కోట్ల ఏళ్లుగా నమోదైన శిల, కొత్త కొలతేదీ లేకుండానే దాదాపు 305 కోట్ల ఏళ్లదైంది. పాత పత్రాల్లోని సంఖ్యలను కొత్తవాటి పక్కన పెట్టి పోల్చేవారు ఈ సంగతి గమనించకపోతే లేని తేడా ఉన్నట్టు కనబడుతుంది.

ఇక జిర్కాన్. గ్రానైట్ జాతి శిలల్లో, సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు పొడవున ఉండే ఈ జిర్కోనియం సిలికేట్ స్ఫటికం, ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు పూర్తిగా వెలుపలే ఉంచుతుంది. కనుక ఆ తరువాత అందులో కనబడే సీసం అంతా యురేనియం క్షయం వల్ల వచ్చినదే అనుకోవచ్చు. 900 డిగ్రీల వేడిలో కూడా సీసం అందులోంచి కదలడం చాలా నెమ్మది. అయితే నా దృష్టిలో జిర్కాన్ అసలు బలం ఈ గట్టిదనంలో లేదు, ఒకే రేణువులో రెండు గడియారాలు ఉండటంలో ఉంది. యురేనియం–238 దాదాపు 447 కోట్ల సంవత్సరాల అర్ధాయువుతో (సగం క్షయమవడానికి పట్టే కాలంతో) సీసం–206గా మారుతుంది; యురేనియం–235 దాదాపు 70 కోట్ల సంవత్సరాల అర్ధాయువుతో సీసం–207గా మారుతుంది. రెండూ ఒకే వయసు చెబితే ఆ వయసును నమ్మవచ్చు. చెప్పకపోతే, మధ్యలో సీసం కొంత పోయిందని రేణువే బయటపెట్టినట్టు అవుతుంది. అంతటితో కథ ముగిసిపోదు కూడా. రెండు గడియారాలూ ఒకే వయసు చెప్పే బిందువులను కలిపే కాన్‌కార్డియా వక్రరేఖను 1956లో జార్జ్ వెథరిల్ ప్రతిపాదించాడు. ఆ గ్రాఫులో, ఒకేసారి సీసం కోల్పోయిన రేణువుల బిందువులు ఒక సరళరేఖగా పరుచుకుంటాయి. ఆ రేఖ వక్రరేఖను పైన తాకే చోటు స్ఫటికం పుట్టిన కాలాన్ని, కింద తాకే చోటు సీసం పోయిన కాలాన్ని సూచిస్తాయి. తన లోపాన్ని తానే చూపి, ఆ లోపం నుంచి కూడా సమాచారం ఇచ్చే ఇలాంటి ఏర్పాటు రుబీడియం పద్ధతికి లేదు.

అయినా జిర్కాన్ వయసు జిర్కాన్‌దే, శిలది కావాలన్న నియమం లేదు. పాత పటలం కరిగినప్పుడు అందులోని రేణువులు కరగకుండా కొత్త శిలాద్రవంలోకి చేరి, పైన మరో పొర కట్టుకుని మిగులుతాయి. గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలోని అకిలియా దీవి నైస్ మీద నడిచిన వివాదం ఇదే: అది 385 కోట్ల ఏళ్లదని ఒక వర్గం అంటే, ఆ వయసు పాత శిల నుంచి సంక్రమించిన రేణువుల నడిభాగానిది మాత్రమేననీ, నైస్ ఏర్పడింది దాదాపు 365 కోట్ల ఏళ్ల కిందటేననీ రెండో వర్గం వాదించింది. దానికి తగిలి ఉన్న శిలల్లోని కర్బనాన్ని తొలి జీవానికి ఆనవాలుగా 1996లో ప్రకటించి ఉండటం వల్ల, ఈ 20 కోట్ల ఏళ్ల తేడా కేవలం సంఖ్యల తగాదాగా మిగల్లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో ఈ ఎడబాటు ఇంకా స్పష్టం. అక్కడ 2001లో ప్రకటించిన రేణువు వయసు 440 కోట్ల సంవత్సరాలు; అది దొరికిన అవక్షేప శిల సుమారు 300 కోట్ల ఏళ్లది. ఆ రేణువు పుట్టిన అసలు శిల ఎక్కడా మిగలలేదు. శిలగానే నిలిచి ఉన్నవాటిలో, జిర్కాన్ ఆధారంగా విస్తృతంగా అంగీకరించిన అతి పెద్ద వయసు కెనడా వాయవ్య భాగంలోని అకాస్టా నైస్‌ది: 403 కోట్ల సంవత్సరాలు.

రేణువులో పొరలుంటాయని తెలిశాక, ఏ పరికరంతో కొలవాలన్నది చిన్న ప్రశ్న కాదు. రేణువును ఆమ్లంలో కరిగించి కొలిచే టిమ్స్ పద్ధతిలో అనిశ్చితి 0.1 శాతానికి, మంచి నమూనాల్లో అంతకన్నా కిందికి దిగుతుంది. రేణువును ముందు వేడి చేసి, దెబ్బతిన్న భాగాలను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తొలగించే విధానాన్ని 2005లో మాటిన్‌సన్ ప్రవేశపెట్టాక దాని విశ్వసనీయత ఇంకా పెరిగింది. కాని పొరలున్న రేణువును మొత్తంగా కరిగిస్తే వచ్చేది ఎంతో కచ్చితమైన, అర్థంలేని సగటు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో విలియం కాంప్‌స్టన్ బృందం రూపొందించిన ష్రింప్ యంత్రం, అయాన్ పుంజంతో 20–30 మైక్రాన్ల వెడల్పున్న చోటును మాత్రమే గీరి కొలుస్తుంది. అందులో అనిశ్చితి శాతంలో కొంత భాగం నుంచి ఒకటి రెండు శాతాల వరకు ఉంటుంది. అయినా నడిభాగానికీ అంచుకూ విడివిడిగా వయసు చెప్పగలదు. లేజర్ పద్ధతి అంతకంటే వేగంగా, తక్కువ ఖర్చుతో పనిచేస్తుంది, లోతుగా తవ్వుతుంది. వందల రేణువులను వడపోయవలసిన అవక్షేప శిలలకు అది చాలు. నాలుగు వందల కోట్ల ఏళ్ల నైస్ చేతికి వస్తే మాత్రం నేను ముందు ష్రింప్‌నే ఎంచుకుంటాను, ఒకే పొర ఉన్న రేణువులు తేలాకే వాటిని టిమ్స్‌కు పంపుతాను.

ఇంతవరకూ చెప్పినదంతా స్ఫటికీకరణ తేదీ గురించి. ఖండ పటలం ఏ కాలంలో ఎంత పెరిగింది అని అడిగితే జిర్కాన్‌లోని యురేనియం–సీసం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే పాత పటలం కరిగి పుట్టిన గ్రానైట్ కూడా కొత్త వయసునే చూపుతుంది. దానికి సమేరియం క్షయమై నియోడిమియంగా మారడం మీద ఆధారపడిన మరో పద్ధతి ఉంది. మాంటిల్ పాక్షికంగా కరిగినప్పుడు నియోడిమియం, సమేరియం కంటే ఎక్కువ పాళ్లలో ద్రవంలోకి వెళ్తుంది; ఆ నిష్పత్తి తరువాతి రూపాంతరాల్లో అంతగా చెదరదు. ఈ లక్షణం మీద ఆధారపడి, పటల ద్రవ్యం మాంటిల్‌ను విడిచిన కాలాన్ని వెనక్కి లెక్కించడాన్ని 1970ల్లో డిపాలో, వాసర్‌బర్గ్, మెకల్లక్ వంటివారు అభివృద్ధి చేశారు. దీన్ని నమూనా వయసు (మోడల్ ఏజ్) అంటారు; ఇక్కడ నమూనా అంటే శిల ముక్క కాదు, లెక్కకు వాడే ఊహా నమూనా. ఇందులోని చిక్కు మిశ్రమాలు. 350 కోట్ల ఏళ్ల పాత పటలమూ 250 కోట్ల ఏళ్ల కొత్త శిలాద్రవమూ కలిసిన గ్రానైట్‌కు దాదాపు 300 కోట్ల ఏళ్ల నమూనా వయసు రావచ్చు. ఆ కాలంలో అక్కడ జరిగినది ఏమీ లేకపోవచ్చు. అందుకే ఇప్పుడు ఒకే జిర్కాన్ రేణువులో యురేనియం–సీసంతో తేదీ కట్టి, పక్కనే హాఫ్నియం ఐసోటోపులను కొలిచి మూలాన్ని అంచనా వేయడం మెరుగైన మార్గంగా స్థిరపడింది. లుటీషియం క్షయమైతే హాఫ్నియం పెరుగుతుంది; జిర్కాన్‌లో లుటీషియం బహు స్వల్పం కాబట్టి తొలినాటి హాఫ్నియం నిష్పత్తి అందులో దాదాపు మారకుండా నిలుస్తుంది. పటల వృద్ధి గురించి ఒక్క పద్ధతినే ఎంచుకోమంటే ఈ జోడీ వైపే మొగ్గుతాను.

ఈ తీర్పు వర్తించని చోటు ఒకటుంది: లావా వంటి శిలాద్రవం గడ్డకట్టి ఏర్పడే నల్లని బసాల్ట్ జాతి శిలలు. వాటిలో జిర్కాన్ చాలా అరుదు. కెనడాలోని క్యూబెక్ ఉత్తరాన ఉన్న నువ్వువాగిట్టుక్ హరిత శిలా మేఖల (రూపాంతరం చెందిన పాత బసాల్ట్ జాతి శిలల పట్టీ) విషయంలో జోనాథన్ ఓనీల్ బృందం 2008లో సమేరియం–146 ఆధారంగా 428 కోట్ల ఏళ్ల వయసు ప్రకటించింది. ఆ ఐసోటోపు భూమి తొలి 50 కోట్ల ఏళ్లలోనే దాదాపు అంతరించింది గనుక, దాని సంతతి అయిన నియోడిమియం–142లో తేడాలు కనబడితే అవి ఆ కాలంలోనే పుట్టి ఉండాలి. ఆ తేడాలు మరింత పాత మూలం నుంచి సంక్రమించి ఉండవచ్చుననీ, మేఖలలో దొరికిన జిర్కాన్‌లు 375–380 కోట్ల ఏళ్లను మించడం లేదనీ విమర్శకులు అన్నారు. 2025లో అదే బృందం, పాత బసాల్ట్‌లను చీల్చుకుని వచ్చి భూగర్భంలోనే గడ్డకట్టిన గాబ్రో శిలలను తీసుకుని, అంతరించిన సమేరియం–146నూ, దాదాపు 10,600 కోట్ల ఏళ్ల అర్ధాయువున్న సమేరియం–147నూ కలిపి పరీక్షించింది. పూర్తిగా వేర్వేరు వేగాలతో నడిచే ఆ రెండూ దాదాపు 416 కోట్ల సంవత్సరాల వద్ద కలిశాయి. జిర్కాన్‌కు విశ్వసనీయత తెచ్చిపెట్టిన జంట పరీక్షే ఇక్కడ జిర్కాన్ లేని శిలకు పనికివచ్చింది. గాబ్రో చీల్చుకుని వచ్చిన బసాల్ట్ అంతకంటే పాతదే అయి ఉండాలి.