పాత కారుకి ‘ఇంటేక్ మానిఫోల్డ్ మొత్తం మార్చాలి’ అన్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పాత కారు నడుపుతున్నవాళ్లకీ, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి తీసుకుందామని చూస్తున్నవాళ్లకీ ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి ఒక కోడ్ చూసి, ఇంకేమీ విప్పి చూడకుండా, ‘మానిఫోల్డ్ పోయింది సార్, అసెంబ్లీ మొత్తం మార్చాలి’ అని ఎవరైనా అంటే పనికి ఒప్పుకోకండి. ఇంటేక్ మానిఫోల్డ్ అంటే ఇంజిన్ సిలిండర్లకి గాలిని పంచే గొట్టాల భాగం. నా కారు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. బిల్లు తడిసి మోపెడైంది, కొత్త పార్టు వచ్చి కూర్చుంది, సమస్య మాత్రం ఉన్నచోటే ఉంది.

బండి డీజిల్. బాగా తిరిగిందే కానీ ఇంజిన్ గట్టిది, ఆయిల్ తాగేది కాదు, పొగ వదిలేది కాదు. ఉన్నట్టుండి పికప్ చచ్చిపోవడం మొదలైంది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగేది, ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఈడ్చుకుంటూ పోయేది. దీన్నే లింప్ మోడ్ అంటారు, ఇంజిన్ కంప్యూటర్ తనకి అనుమానం వచ్చినప్పుడు పవర్ తగ్గించేస్తుంది. ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారి మామూలుగానే నడిచేది. ఈ ‘ఒక్కోసారి’ అన్న మాట గుర్తుపెట్టుకోండి, అసలు విషయమంతా అందులోనే ఉంది.

వర్క్‌షాప్‌లో వచ్చిన కోడ్ పి2015. చాలా ఇంజిన్లలో ఇంటేక్ మానిఫోల్డ్ లోపల, ఒక్కో సిలిండర్‌కి వెళ్లే గాలి దారిలో చిన్న చిన్న ఫ్లాపులు ఉంటాయి, తక్కువ ఆర్‌పీఎంలో గాలి సుడి తిరిగి డీజిల్‌తో బాగా కలవడానికి. వాటిని తిప్పడానికి ఒక మోటారు, అవి ఎక్కడున్నాయో చెప్పడానికి ఒక సెన్సర్ ఉంటాయి. పి2015 చెప్పేదల్లా ఆ సెన్సర్ సిగ్నల్ ఉండాల్సిన పరిధిలో లేదని. ఫ్లాపులు మసి పట్టి ఇరుక్కున్నాయా, లీవర్ అరిగి వదులైందా, మోటారు పోయిందా, వైరు తెగిందా, వీటిలో ఏదో ఆ కోడ్ చెప్పదు, చెప్పలేదు. ఆ పైన వెతకాల్సింది మెకానిక్. నా దగ్గర వెతకలేదు, నేరుగా ఎస్టిమేట్ రాసేశారు.

పైగా ఈ పనిలో పార్టు ధర ఒక ఎత్తైతే లేబర్ ఇంకో ఎత్తు. మానిఫోల్డ్‌ని చేరుకోవాలంటే చాలా ఇంజిన్లలో ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) పైపులు, థ్రాటిల్ (లోపలికెళ్లే గాలిని అదుపు చేసే మూత), కొన్నిట్లో ఫ్యూయల్ లైన్లు కూడా విప్పాలి, విప్పిన ప్రతిచోటా గాస్కెట్లూ సీల్సూ కొత్తవి వేయాలి. చిన్న బోల్టులు కాబట్టి బిగింపు కూడా తక్కువే ఉండాలి, సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌ని బోల్టులు బిగించే పవర్ గన్ పెట్టి బిగించారంటే కొత్తదే పగులుతుంది. అందుకే టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో కొలిచే స్పానర్) వాడుతున్నారా లేదా అని అడగడానికి మొహమాటపడకండి.

బిల్లు కట్టి తెచ్చుకున్నాక కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత అదే లైటు, అదే కోడ్. తీసుకెళ్తే ఈసారి ఇంజిన్ కంప్యూటరే మార్చాలన్నారు! కొత్త మానిఫోల్డ్ మీద వారంటీ సంగతి అడిగితే, పార్టుకి ఉంది కానీ కంప్లైంట్ పార్టుది కాదుగా అన్నారు. మరి అప్పుడు దేనికి మార్చినట్టు? దీనికి ఇప్పటికీ జవాబు లేదు. తీసేసిన పాత మానిఫోల్డ్ ఇవ్వమంటే స్క్రాప్‌లో పోయిందన్నారు, గట్టిగా నిలబడి అడిగితే వెనక నుంచి బయటికొచ్చింది. వేలితో తిప్పితే దాని ఫ్లాపులు ఈ చివర నుంచి ఆ చివరకి హాయిగా తిరుగుతున్నాయి. మసి ఉంది, ఎందుకు ఉండదు, కానీ ఏదీ ఇరుక్కుని లేదు, లీవర్‌లో ఆట కూడా లేదు.

అప్పుడు ఇంకో మెకానిక్‌కి చూపించాను. ఆయన స్పానర్ ముట్టుకోలేదు. స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి, కంప్యూటర్ అడుగుతున్న ఫ్లాప్ పొజిషన్, నిజంగా ఉన్న పొజిషన్ పక్కపక్కన పెట్టి, మోటారు దగ్గర నుంచి వెళ్లే వైర్ల కట్టని చేత్తో మెల్లగా కదుపుతూ స్క్రీన్ చూడమన్నాడు. ఒకచోట కదిపినప్పుడల్లా అంకె ఎగిరిపడుతోంది. టేపు విప్పితే కనిపించింది: ఒక బ్రాకెట్ అంచుకి రాసుకుని రాసుకుని ఒక వైరు పైతొడుగు అరిగిపోయి, లోపలి రాగి పచ్చబడి ఉంది. అంతే. ఆ ముక్క కత్తిరించి కొత్త వైరు కలిపి, మళ్లీ రాసుకోకుండా స్లీవ్ తొడిగి, అంచుకి దూరంగా కట్టాడు. దానికైన ఖర్చు మొదటి బిల్లు పక్కన చెప్పుకోదగ్గది కాదు.

మానిఫోల్డ్ ఎప్పుడూ పోదని నేననడం లేదు. ఈ పి2015 కోడ్ ఫోక్స్‌వ్యాగన్ 2.0 టీడీఐ ఇంజిన్లలో బాగా పేరుపడ్డ కంప్లైంటే, అక్కడ నిజంగానే లీవర్ దగ్గర అరుగుదల వస్తుంది, దానికి మానిఫోల్డ్ మార్చకుండా బయట నుంచి బిగించే బ్రాకెట్ కూడా దొరుకుతుంది. బీఎండబ్ల్యూ పాత ఎం47, ఎం57 డీజిల్ ఇంజిన్లలోనైతే ఫ్లాపు విరిగి సిలిండర్‌లో పడిందంటే ఇంజిన్‌కే ముప్పు, అలాంటి బండి కొంటుంటే ఫ్లాపులు ఉన్నాయా, తీసేశారా అన్నది ముందే తేల్చుకోండి. నేను చెప్పేదల్లా, పోయిందని చూపించి మార్చమనండి.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. డీజిల్‌లో ఈజీఆర్ నుంచి వచ్చే మసి, క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ అడుగున పేరుకునే ఆవిర్లని బయటికి వదిలే గొట్టం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి కలిసి మానిఫోల్డ్ లోపల తారులా పేరుకుంటాయి. ఈజీఆర్ వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదన్నా, బ్రీదర్ నుంచి ఆయిల్ ఎక్కువ వస్తోందన్నా అవి బాగుచేయకుండా మానిఫోల్డ్ ఒక్కటీ మారిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా లోపలికి స్ప్రే కొట్టి ‘క్లీనింగ్’ చేస్తామంటే డీజిల్ బండికి వద్దనండి. మసి గడ్డలుగా ఊడితే లోపలికే పోతుంది. విప్పి కడిగితేనే అది క్లీనింగ్.

పెట్రోల్ బండివాళ్లకి వేరే తంటా. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి) అయితే పెట్రోల్ ఇంటేక్ వాల్వుల మీదుగా వెళ్లదు కాబట్టి వాటి వెనక కార్బన్ గట్టిపడుతుంది, ట్యాంకులో పోసే క్లీనర్ అక్కడిదాకా చేరదు. పి0171 (పెట్రోల్‌తో పోలిస్తే గాలి ఎక్కువైందని చెప్పే కోడ్) వచ్చి, ఐడిల్‌లో వణుకుతూ రేస్ చేస్తే సర్దుకుంటుంటే, ముందు గాలి లీకు అనుమానించాలి. గాస్కెట్ ఎండిపోయిందో, రబ్బరు హోస్ పగిలిందో స్మోక్ టెస్ట్ (గాలి దారిలోకి పొగ పంపి చూడడం) చేస్తే పొగ ఎక్కడ నుంచి వస్తోందో కంటికే కనిపిస్తుంది. ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) ఐడిల్‌లో +10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎంలో సున్నా వైపు దిగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ టెస్ట్ లేకుండా మానిఫోల్డ్ మాటెత్తితే వెనక్కి వచ్చేయండి.

కొనేవాళ్లకి ప్రత్యేకంగా: లైటు వెలగడం లేదంటే కోడ్ లేదని కాదు, పొద్దున్నే చెరిపేసి ఉండొచ్చు. స్కానర్‌లో ‘రెడీనెస్ మానిటర్లు’ (కారు తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి) చూడండి, చాలావరకు ఇన్‌కంప్లీట్ అని వస్తే ఈ మధ్యే కోడ్‌లు చెరిపారు లేదా బ్యాటరీ తీశారు. అమ్మేవాళ్లు బ్యాటరీ మార్చామంటే సరే, బండి కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూద్దామనండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. ఎత్తు మీద ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి చూడండి, నా బండి లోపం చదును రోడ్డు మీద దాదాపు కనిపించేది కాదు.

ఇప్పటికే ఎవరి చేతిలోనైనా ఇలాంటి ఎస్టిమేట్ ఉంటే, సంతకం పెట్టే ముందు అందులో మూడు విషయాలు రాయించండి: ఏ టెస్ట్ చేసి ఈ పార్టు పోయిందని తేల్చారు, పాత పార్టు నాకిస్తారు, అదే కోడ్ మళ్లీ వస్తే లేబర్ ఎవరిది. రాయడానికి వెనకాడితే స్కాన్ రిపోర్ట్ ప్రింట్ తీసుకుని ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లండి, ఆ చూపించుకునే ఖర్చుకి మాత్రం వెనకాడకండి.