సాన్ జిమిన్యానో యాత్ర టికెట్టు కొనేవాళ్లూ, జాగ్రత్త!

ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఒక్కరోజు బస్సు యాత్రలు అమ్మే సంస్థ ఒకటి ఉంది, మనవాళ్లు చాలామంది వెళ్లేది వాళ్లతోనే. నిన్న అమ్మనూ నాన్నగారినీ వాళ్ల బస్సులో పాత గోపురాలకు పేరుపొందిన సాన్ జిమిన్యానో పట్టణానికి తీసుకెళ్లాను. కోపం ఇంకా చల్లారలేదు. డబ్బు కట్టించుకుని ఇచ్చిన కాగితంలో పట్టణంలో మూడు గంటల సమయం, తోర్రె గ్రోసా గోపురం ఎక్కే టికెట్టు, పెద్ద చర్చిలోని కుడ్యచిత్రాల దర్శనం అని స్పష్టంగా ఉంది. వీటిలో ఒక్కటీ దక్కలేదు.

ఉదయమంతా ఊరి బయట ఒక ద్రాక్షతోట దుకాణంలో కూర్చోబెట్టారు. వెర్నాచ్చా వైను కొనండి, ఆలివ్ నూనె కొనండి, కుంకుమపువ్వు కొనండి అని ఒకటే ఒత్తిడి. పోర్తా సాన్ జొవాన్ని ద్వారం దగ్గర దించేసరికి మిగిలింది ముప్పావు గంట.

నాన్నగారు చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇక్కడి ధనిక కుటుంబాలు ఒకరి మీద ఒకరు పోటీపడి గోపురాల్లాంటి ఎత్తైన ఇళ్లు 72 కట్టుకున్నాయనీ, ఇప్పుడు నిలిచి ఉన్నవి 14 మాత్రమేననీ దారి పొడవునా అమ్మకు చెబుతూ వచ్చారు. 1348 ప్లేగు ఊరిని కుంగదీసింది, ఆ తర్వాత ఊరు ఫ్లారెన్స్ ఏలుబడిలోకి పోయింది. కొత్తవి కట్టే స్తోమత లేకపోబట్టే ఆ పాత రూపం మనదాకా మిగిలింది. 54 మీటర్ల తోర్రె గ్రోసా ఎక్కి ఆ గోపురాలన్నిటినీ పైనుంచి చూడాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక.

పెద్ద చర్చి ముందున్న కూడలి పియాజ్జా దెల్ దువోమోలో గోపురం టికెట్లు ఇమ్మని గైడును అడిగాను. ఆమె చేతి గడియారం చూసుకుని, నాన్నగారి వైపు తిరిగి అందరి ముందూ అన్నది: "కింద నిలబడి ఫోటో తీయించుకోండి చాలు. ఎక్కారో లేదో మీ ఊళ్లో ఎవరికి తెలుస్తుంది?"

డెబ్బై దాటిన మనిషితో అనే మాటా అది! ఆయన ఏమీ అనలేదు, జేబులోంచి తీసిన కళ్లద్దాలు మళ్లీ జేబులో పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం చూపించి నిలదీస్తే, వాతావరణాన్ని బట్టి కార్యక్రమం మారవచ్చని అడుగున రాసి ఉన్న వాక్యం చూపించింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. సాయంత్రం కార్యాలయానికి వెళితే డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. క్షమించమన్న మాట కూడా లేదు.

వాళ్ల దగ్గర కొనకండి. ఫ్లారెన్స్ నుంచి పొజ్జిబోన్సీకి రైలుంది, అక్కడి నుంచి 130 నంబరు బస్సు నేరుగా ఊరి ద్వారం దగ్గర దించుతుంది. గోపురం టికెట్టు పలాజ్జో కొమునాలే అనే పట్టణ సభా భవనంలోనే అమ్ముతారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు తిరుగు బస్సు వేళలు ముందే చూసుకోండి, ఆదివారాలు బస్సులు తక్కువ.