వాఘ్ బక్రీ చాయ్‌పత్తి: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా ఇంట్లో చాయ్ అంటే బర్రె పాలు, దంచిన అల్లం, బాగా మరిగిన డికాషన్. దీనికి సరిగ్గా కుదిరింది కాబట్టే నల్లగొండలో ఎన్ని కొత్త ప్యాకెట్లు వచ్చినా కొన్నేళ్లుగా వాఘ్ బక్రీనే తెప్పిస్తున్నాం. అంతకుముందు బజార్లో విడి చాయ్‌పత్తి కొనేవాళ్లం, ఒకసారి బాగుండేది, ఇంకోసారి చన్నీళ్లలో చిటికెడు వేసినా వెంటనే ఎర్రగా రంగు దిగేది. మంచి పత్తి చల్లటి నీళ్లలో అంత తొందరగా రంగు విడవదు, అదేం కలిపారో అర్థమై మానేశాం.

ఇది సీటీసీ రకం, అంటే ఆకును రోలర్ల మధ్య నలిపి, చింపి, గింజల్లా చుట్టిన పత్తి. చిక్కగా దిగుతుంది, పాలు ఎక్కువైనా రుచి పోదు. డార్జిలింగ్ వాసన కావాలంటే ఇది మీకు కాదు.

నీళ్ల సంగతి ముఖ్యం. మా బోరు నీళ్లతో పెడితే ఏ కంపెనీ పత్తి అయినా చప్పగానే ఉంటుంది, నల్ల చాయ్ అయితే పైన సన్నటి పొర కూడా కడుతుంది. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లతో పెట్టాకే అసలు రుచి తెలిసింది, కాబట్టి ప్యాకెట్‌ను తిట్టే ముందు నీళ్లు మార్చి చూడండి.

ఇక ప్యాకెట్ మీది పులి, మేక బొమ్మ. వాఘ్ అంటే పులి, బక్రీ అంటే మేక. ఈ కంపెనీ పెట్టిన నారణ్‌దాస్ దేశాయ్ అనే గుజరాతీ 1892లో దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడ 500 ఎకరాల తేయాకు తోట నడిపి, రంగు వివక్ష భరించలేక 1915లో గాంధీ రాసిచ్చిన ప్రశంసాపత్రంతో తిరిగొచ్చేశారు. 1919లో అహ్మదాబాద్‌లో గుజరాత్ టీ డిపో తెరిచారు. 1934లో ఈ పేరు, ఈ బొమ్మ వచ్చాయి: బలమున్నదీ లేనిదీ ఒకే కప్పులో తాగడం. మన దిక్కు ఊళ్లలో చాయ్ హోటళ్ల ముందు దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగాక వాళ్లతోనే కడిగించిన రోజులు పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్నవాళ్లకు ఈ బొమ్మ ఊరికే వేసిన డిజైన్‌లా కనిపించదు. ఇప్పుడు ప్రకటనల్లో దాన్ని బంధాలు, కుటుంబం అని మెత్తగా చెప్తున్నారు గానీ, నాకు పాత అర్థమే నచ్చుతుంది.

కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. విడి పత్తి అంటే నేను మొహం తిప్పుకుంటా గానీ, వీళ్లు ప్యాకెట్లలోకి వచ్చింది 1980లోనే, అప్పటిదాకా వీళ్లదీ విడి వ్యాపారమే!

వానాకాలంలో పత్తి తొందరగా మెత్తబడుతుంది, చిన్న ప్యాకెట్లే కొని స్టీలు డబ్బాలో గట్టిగా మూత పెట్టుకోండి. ఇంట్లో ఇరానీ చాయ్ రుచి వస్తుందని మాత్రం కొనకండి. దానికి డికాషన్ వేరుగా సన్నటి మంట మీద మగ్గాలి, పాలు వేరుగా చిక్కబడాలి, పత్తి మార్చితే వచ్చేది కాదు.