చార్జర్ పీకినా వేగం తగ్గలేదు: రైజెన్ 7 7840యూతో రెండేళ్లు

చార్జర్ తీసేసినా పని నెమ్మదించకపోవడం. రెండేళ్ల వాడకంలో రైజెన్ 7 7840యూ, అంటే నా ల్యాప్‌టాప్‌లోని ఏఎండీ ప్రాసెసర్ చిప్, నాకిచ్చిన అసలు సుఖం ఇదే. కోర్లెన్ని, గిగాహెర్ట్జ్ ఎంత అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

అంతకు ముందు నా దగ్గర 45 వాట్ల హెచ్ తరగతి చిప్, అంటే ఎక్కువ కరెంటు తాగి ఎక్కువ వేగంగా నడిచే రకం, ఉండేది. ప్లగ్గులో ఉన్నంతసేపూ గుర్రమే. కరెంటు పోతే మాత్రం నాలుగు నిమిషాల బిల్డ్‌కి (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) తొమ్మిది పట్టేది. అది అడిగినన్ని వాట్లు బ్యాటరీ ఇవ్వలేదు, అందుకని ల్యాప్‌టాపే దాని పగ్గాలు లాగేసేది.

2025 అక్టోబర్ 28న మొంథా తుపాను కాకినాడ వైపు వస్తోంది. విశాఖలో ఒకటే వాన. మధురవాడలో మా వీధికి మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ లేదు. సాయంత్రానికి క్లయింట్‌కి కోడ్ పంపాలి. బ్యాటరీ 96 శాతం ఉంది. స్క్రీన్ వెలుతురు తగ్గించి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి బిల్డ్ నాలుగున్నర నిమిషాల్లో అయిపోయింది. ప్లగ్గులో ఉన్నా అంతే పడుతుంది! అప్పుడు తగ్గింది టెన్షన్. మధ్యలో నాన్న తన ఫోన్‌లో చార్జింగ్ అయిపోతోందన్నారు. శ్రీకాకుళం నుంచి చెల్లి మాటిమాటికీ ఫోన్ చేస్తోంది మరి. ఆ ఫోన్‌నీ ల్యాప్‌టాప్‌కే పెట్టాను. నాలుగున్నరకి కోడ్ పంపేశాను, ఇంకా 14 శాతం మిగిలింది.

దీని వెనక ఉన్నది వోల్టేజీ లెక్క. చిప్ తాగే కరెంటు వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. ఆఖరి కొసరు వేగం కోసం వోల్టేజీ పెంచాల్సిందే, వాట్లు ఎగిరిపోయేది అక్కడే. 15 నుంచి 30 వాట్ల మధ్య నడిచే 7840యూ ఆ కొసరు జోలికి పెద్దగా పోదు. 4 నానోమీటర్ల తయారీ కూడా కలిసొచ్చింది.

కొన్న కొత్తలో అన్నిట్లోనూ ఇదే మేలని స్నేహితులకి చెప్పాను. అంత గట్టిగా చెప్పాల్సింది కాదు. టెస్టులన్నీ వరసగా నడిపితే పాతది పదహారు నిమిషాల్లో ముగించేది, దీనికి ఇరవై కావాలి. ఆపకుండా పూర్తి భారం వేస్తే బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వి చిప్‌లు బ్రౌజింగ్ లాంటి తేలిక పనిలో ఇంకా పొదుపు. కానీ వాటిలో ఎనిమిది థ్రెడ్లే (చిప్ ఒకేసారి నడపగల పనుల వరసలు), దీనిలో పదహారు. పైగా మెమరీ చిప్‌తోనే కలిసి వస్తుంది, 32 జీబీ దాటదు. నా బిల్డ్‌లకి అది చాలదు.

మా వీధిలో గట్టిగా వానొస్తే కరెంటు ఉండదు, నావి ఐదు నిమిషాల బిల్డ్‌లు, గేమ్స్ ఆడను. అందుకే నాకిది కుదిరింది. రోజంతా డెస్క్ దగ్గరే, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో వీడియోలు ఎడిట్ చేసుకునే మా బావకి మాత్రం మొన్న హెచ్ చిప్పే కొనమన్నాను.