ఆరేళ్లుగా 70-200 జూమ్‌తో హాంకాంగ్ టవర్లు

ఎత్తైన బిల్డింగులు తీయాలంటే ఎక్కువ మేర ఫ్రేమ్‌లోకి తెచ్చే వైడ్ లెన్సే ఉండాలని అందరిలాగే నేనూ అనుకున్నాను. ఉద్యోగానికి హాంకాంగ్ వచ్చిన కొత్తలో 24 ఎంఎం వైడ్ లెన్స్ తగిలించుకుని, మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి తీసేవాణ్ని. ప్రతి ఫొటోలోనూ టవర్లు వెనక్కి వాలిపోయి, పైకి పోయేకొద్దీ సన్నబడేవి. నన్ను నిలబెట్టేసిన ఆ కిక్కిరిసిన కిటికీలు మాత్రం ఫొటోలోకి వచ్చేవి కావు. అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే ఒక 70-200 ఎంఎం ఎఫ్4 జూమ్ లెన్స్ కొన్నాను. ఆరేళ్లయింది. టవర్ల ఫొటోల్లో నూటికి తొంభై దానితోనే తీశాను.

ఈ లెన్స్ చేసే మేలు ఒక్కటే, మనల్ని దూరం జరుపుతుంది. హాంకాంగ్‌లోని షామ్ షుయ్ పో అనే పేటలో గార్డెన్ హిల్ అనే చిన్న గుట్ట ఉంది. 1953 క్రిస్మస్ రాత్రి అక్కడి షెక్ కిప్ మే బస్తీలో గుడిసెలు కాలిపోయి 50 వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్ల కోసం 1954లో కట్టిన మే హో హౌస్ అనే ఇళ్ల బ్లాకు ఆ గుట్ట కిందే ఉంది. పక్కనుంచి మెట్లెక్కి పైకి వెళితే ఎదురుగా ఉన్న టవర్ల నడిమి అంతస్తులు మన కళ్లకు సమానంగా వస్తాయి. కెమెరాను పైకి ఎత్తే పనే ఉండదు కాబట్టి గోడలు నిట్టనిలువుగా నిలబడతాయి. జూమ్‌ను 135 ఎంఎం దగ్గర ఆపి, ఆకాశాన్నీ నేలనీ ఫ్రేమ్ బయట వదిలేస్తే కిటికీలే మిగులుతాయి. ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ ఆగుతాయో తెలియదు. నేను వెతికింది అదే.

ఎండలో తీయకండి. ఇక్కడ చాలా ఏళ్లపాటు ప్రతి వంటగదికీ, బాత్‌రూమ్‌కీ బయటి గోడకు కిటికీ ఉండి తీరాలన్న నిబంధన ఉండేది. అందుకే పాత టవర్లు ప్లస్ గుర్తు ఆకారంలో, లోపలికి లోతైన మడతలతో ఉంటాయి. ఎండ పడితే ఆ మడతలన్నీ నల్లటి చారలైపోతాయి. మబ్బు పట్టిన రోజు, వాన వెలిసిన గంటలో వెళ్లండి. గాలిలో దుమ్ము కడుక్కుపోయి, కిలోమీటరు దూరంలో ఉన్న కిటికీ ఊచలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. వేసవి మధ్యాహ్నం అయితే వేడి గాలికి అవే ఊచలు అలల్లా వంకర్లు తిరుగుతాయి. దానికి లెన్స్‌ను తిట్టి లాభం లేదు.

ఇక లోపాలు. 200 దగ్గర, లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచిన ఎఫ్4లో, ఫొటో మూలలు మెత్తబడతాయి. మనుషుల ఫొటోలకు ఫర్వాలేదు కానీ, ఇక్కడ మూలలో ఉన్న కిటికీకి కూడా మధ్యలో ఉన్నదానికున్నంత విలువ ఉంటుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్8 పెడితే సరిపోతుంది, ఇంకా చిన్నదై ఎఫ్16కి వెళితే మొత్తం మసకబారుతుంది. లెన్స్‌నే ట్రైపాడ్‌కు బిగించే పట్టీ, ట్రైపాడ్ కాలర్, విడిగా కొనుక్కోవాలి. అది లేనన్నాళ్లూ బరువంతా ముందుకు పడి, బిగించాక కూడా ఫ్రేమ్ వెంట్రుకవాసి కిందికి జారేది. కిటికీల వరస ఒకటి తెగిపోయిందని ఇంటికొచ్చాక తెలిసేది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు, చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజర్ ఆపడం కూడా మరిచిపోకండి.

అన్నిటికన్నా ఎక్కువ బాధపడింది లెన్స్ లోపల పట్టే బూజు, ఫంగస్ గురించి. ఇక్కడ మార్చి, ఏప్రిల్‌లో గోడలకు చెమట పడుతుంది. రెండో ఏడాది లెన్స్‌ను నెల రోజులు బ్యాగులోనే వదిలేశాను. టార్చ్ వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులాంటి దారాలు. శుభ్రం చేయించాను కానీ ఒక మచ్చ ఉండిపోయింది, దీపాలకు ఎదురుగా తీస్తే తెలుస్తుంది. ఆ మర్నాడే లోపల తేమను అదుపులో ఉంచే పెట్టె, డ్రై క్యాబినెట్ కొన్నాను, తేమ 45 శాతం దగ్గర పెట్టాను. సముద్రం పక్క ఊళ్లలో ఉన్నవాళ్లు, విశాఖలో ఉన్నా సరే, లెన్స్‌తో పాటే అదీ కొనండి.

ఈ లెన్స్ పనికిరాని చోటు కూడా ఉంది. హాంకాంగ్‌లోనే క్వారీ బే అనే చోట ఐదు బ్లాకులు కలిసిపోయిన, అందరూ మాన్‌స్టర్ బిల్డింగ్ అని పిలిచే సముదాయం. నడవలో నిలబడితే 70 కూడా ఎక్కువే, ఒక ముక్కే కనబడుతుంది. అక్కడ వైడ్ కావాలి. కానీ ఫొటోలు తీయవద్దని ఆ ఇళ్లవాళ్లు బోర్డు పెట్టుకున్నారు. అది చదివాక నేను మళ్లీ వెళ్లలేదు.

ఎందుకంటే ఈ జూమ్ మరీ ఎక్కువ చూస్తుంది. ఒక సాయంత్రం ఇంట్లో ఫొటో పెద్దది చేసి చూస్తున్నాను. తుప్పు కారిన ఏసీ, దాని మీద థర్మకోల్ డబ్బాలో ఉల్లికాడలు, వెదురు కర్రకు మూడు స్కూలు చొక్కాలు. పక్క కిటికీలో ఒక పెద్దావిడ చొక్కా లేని మనవడికి తల తుడుస్తోంది. మా ఆవిడ వెనక నుంచి చూసి, "ఏవండీ, అది వాళ్లిల్లు కదా" అంది. ఆ ఫొటో డిలీట్ చేసేశాను. అప్పటినుంచి ప్రింట్‌కి ఇచ్చేముందు ప్రతి కిటికీ నూరు శాతం సైజుకు పెద్దది చేసి చూస్తాను, మొహం గుర్తుపట్టేలా ఉంటే పక్కన పెట్టేస్తాను. బట్టలు, మొక్కలు, తుప్పు చాలు, అందులోనే సంసారం కనబడుతుంది.

మొన్న హైదరాబాద్ వచ్చినప్పుడు కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు ఇదే లెన్స్‌తో తీశాను. గీతలన్నీ తిన్నగా వచ్చాయి. గాజు ఎక్కువ, ఆరేసిన బట్టలు తక్కువ, నాకు చూసుకోవడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. ఇంకో ఇరవై ఏళ్లు కాపురాలు నడిచాక తీయాలి వాటిని.

వీడియో తీసేవాళ్లు, రాత్రి ట్రైపాడ్ లేకుండా తిరిగేవాళ్లు ఎక్కువ వెలుతురు తీసుకునే ఎఫ్2.8 రకం చూసుకోవచ్చు, బరువు దాదాపు రెట్టింపు. గుట్టలెక్కే నాకు ముప్పావు కిలో చాలు.

ప్రస్తుతం హాంకాంగ్‌లోని చోయ్ హుంగ్ ఎస్టేట్ అనే ప్రభుత్వ ఇళ్ల సముదాయాన్ని తీసే పని మీదున్నాను. పేరుకు అర్థం ఇంద్రధనుస్సు. 1960ల తొలి ఏళ్లలో కట్టిన 11 బ్లాకులు, గోడలకు ఏడు రంగులు. దాన్ని దశలవారీగా కూల్చి మళ్లీ కడతామని ప్రకటించారు. కార్ పార్క్ పైనున్న బాస్కెట్‌బాల్ కోర్టులో అందరూ తమ ఫొటోలు తీయించుకుంటుంటే, నేను అవతలి ఫుట్‌బ్రిడ్జి మీద జూమ్ కదలకుండా 135 దగ్గర టేప్ అంటించి, ఒక్కో బ్లాకు అదే కొలతలో తీసుకుంటున్నాను. ఏడు అయ్యాయి, నాలుగు మిగిలాయి. ఈ వారం మబ్బు పడుతుందంటున్నారు.